తాడు అందుకున్న చేతులు

గత నెలలో నాకు ఒక పొడవాటి అట్ట గొట్టం, దానితోపాటు బిగించి కట్టిన ఒక పెట్టె వచ్చాయి. పంపినది కెప్టెన్ గారి అమ్మాయి. "నాన్నగారు పోయారు. ఇవి మీకు చేరాలన్నది ఆయన కోరిక" అని రెండు వాక్యాల చీటీ. చీటీ తరువాత చదివాను. ముందు గొట్టం మూత తీశాను. తీయగానే వాసన. తడిసి ఆరిన మందపాటి కాగితం, డీజిలు, చెక్కిన పెన్సిలు పొట్టు, ఎప్పుడో అలకు ఒలికిన కాఫీ, అన్నిటి కింద ఉప్పు. చార్టు, అంటే సముద్రపు పటం, ఇంకా బయటికి లాగనే లేదు, అప్పుడే నేను పడవ లోపల ఆ ఏటవాలు బల్ల ముందు, పక్క చెక్కకు మోకాలు తన్నిపెట్టి కూర్చుని ఉన్నాను.

చార్టులు పందొమ్మిది. పెట్టెలో నాలుగు లాగ్ పుస్తకాలు. ఒక్కో చార్టు విప్పి, నాలుగు మూలలా బరువులు పెట్టి చూస్తూ రెండు రాత్రులు గడిపాను. పాతవాటి మీద లోతులు ఫాథంలలో ఉంటాయి. ఫాథం అంటే ఆరు అడుగులు, అంటే చేతులు రెండూ చాచి తాడు కొలిస్తే వచ్చే పొడవు. కెప్టెన్ మొదటిసారి దాని సంగతి వివరిస్తూ చేతులు బార్లా చాపినప్పుడు, మా భాషలోనూ సరిగ్గా ఇదే కొలత ఉంది, దాన్ని బార అంటాం అని చెప్పాను. ఆయన ఎంత సంతోషించారో! మాటను రెండుసార్లు పలికించుకుని చార్టు అంచున తన లిపిలో రాసుకున్నారు. ఆ చార్టు కూడా వచ్చింది. పెన్సిలుతో రాసిన ఆ మాట అంచున ఇంకా చెరిగిపోలేదు.

* * *

నేను అప్పుడు సరకు ఓడ ఇంజను గదిలో పనిచేసేవాణ్ణి. మరమ్మతు కోసం మా ఓడ సీరోస్ దీవిలోని ఎర్మూపోలి రేవుకు వచ్చింది. అక్కడి నియోరియన్ షిప్‌యార్డు 1861లో మొదలైంది, గ్రీసులో అంతకంటే పాతది లేదు. పగలంతా ఇనుము మీద సుత్తి దెబ్బలు, ఇసుకతో తుప్పు రాల్చే రొద. సాయంత్రం పని ఆగగానే ఊరి చప్పుళ్లు ఒక్కొక్కటిగా పైకి వచ్చేవి. ఊరి వెనక రెండు గుట్టలు, ఒకదాని మీద కేథలిక్కుల చర్చి, రెండో దాని మీద ఆర్థడాక్సు చర్చి. ఈ గంట ఆగాక ఆ గంట మోగేది. 1820ల్లో యుద్ధం నుంచి పారిపోయి కీయోస్, ప్సారా దీవులనుంచి వచ్చిన శరణార్థులు కట్టుకున్న ఊరది. ఏథెన్స్ రేవు పిరేయస్ ఎదగక ముందు దేశంలో పెద్ద రేవు అదే. వీధుల్లో పరిచిన పాలరాతి పలకలు అన్నేళ్ల అడుగులకు అరిగి, వాన పడితే దీపాలను అద్దంలా తిప్పి చూపించేవి.

ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని ఉండగా చిన్న తెరచాప పడవ ఒకటి లోపలికి వచ్చింది. పదకొండు మీటర్లు ఉంటుందేమో. నడిపే ఆయన ఒక్కరే. కొంత దూరంలో ముందునుంచి లంగరు వదిలి, పడవను వెనక్కి నడుపుకుంటూ, వెనక భాగం గట్టుకు ఆనేలా తెచ్చారు. మధ్యధరా సముద్రంలో రేవులన్నిటా పడవ కట్టే పద్ధతి అదే. తాడు విసిరారు. అందుకుని ఇనుప దిమ్మకు రెండు చుట్లు తిప్పి ముడి వేశాను. ఆయన ముందు ముడిని చూశారు, తరువాత నన్ను చూసి తల ఊపారు. అంతే. పొద్దున్నే వెళ్లిపోతారనుకున్నాను. మరుసటి సాయంత్రం కూడా పడవ అక్కడే ఉంది. ఎందుకు ఆగారో అడగలేదు. ఆయన ఇంజను మూత తెరిచి తల గీరుకుంటూ ఉండటం చూసి నేనే పడవ ఎక్కాను. ఇంజనును చల్లబరిచే నీరు తోడే పంపులో రబ్బరు రెక్కలు విరిగిపోయాయి. మా ఓడ సామాను గదిలో అంత చిన్నది దొరకదు కనుక ఊళ్లో వెతికి, కొంచెం కోసి, అమర్చాను. అరగంట పని.

ఆయన భూగోళం చెప్పిన మాస్టారు. ముప్పై అయిదేళ్లు పిల్లలకు పటం మీద వేలు పెట్టి ఊళ్లు చూపించి, పదవీ విరమణ తరువాత ఆ వేలు పెట్టిన చోట్లకు ఒక్కొక్కదానికే వెళుతున్నారు. కాఫీ ఇస్తూ, ఇప్పటిదాకా ఏయే ఊళ్లు చూశావని అడిగారు. లెక్కపెడితే రెండేళ్లలో ముప్పైకి పైగా రేవులు. "వాటిలో ఏది బాగుంది?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. నేను చూసినవి క్రేనులు, కంటెయినర్లు, కంచెలు, గేటు దగ్గర కాపలావాళ్లు. ఊరు ఎప్పుడూ అయిదారు మైళ్ల అవతల, దీపాల గుంపులా ఉండేది. ఈ చిన్న పడవ మాత్రం ఊరి నడిబొడ్డున, చర్చి మెట్లకు ఎదురుగా కట్టేసి ఉంది. పాత తీరపు ఊళ్లు తెరచాప పడవల కొలతకే కట్టుకున్నవి. రేవు వాటికి ముందు గది. పెద్ద ఓడలు ఆ గదిలో పట్టక ఊరి వెలుపలికి పోయాయి, వాటితోపాటు నావంటి ఓడ మనుషులూ పోయారు. ఆ సంగతి ఆ కాఫీ గిన్నె పట్టుకుని ఉండగా అర్థమైంది. ఒప్పందం ముగిశాక మరుసటి వసంతంలో ఆయన పడవ ఎక్కాను. ఒక్క ఏడాది అనుకున్నాను. మూడేళ్లకు దగ్గరగా ఉన్నాను.

* * *

లాగ్ పుస్తకంలో ఏం రాయాలో అందరికీ తెలిసిందే. గంట, దిక్కు, గాలి, బారోమీటరు, నడిచిన మైళ్లు. కెప్టెన్ పుస్తకంలో మరొక గడి ఉండేది, స్కేలు పెట్టి చేత్తో గీసుకున్నది. పైన "తాడు అందుకున్నవారు" అని ఉండేది. ఊరు చేరిన ప్రతిసారీ, కాఫీకి ముందే, ఆ గడి నింపాలి. పేర్లు కాదు, మనుషులు. "చేపల వల బాగుచేస్తున్న తండ్రీకొడుకులు." "బడి సంచి వీపున ఉన్న అమ్మాయి, ఎడమచేతివాటం." "పోలీసు, ఆ తరువాతే కాగితాలు అడిగాడు." మోటారు బండ్లు తిరగని హైడ్రా దీవిలో సామానంతా గాడిదలు, కంచరగాడిదల మీదే నడుస్తుంది. అక్కడి గడిలో "గాడిదలు తోలే ఆయన, పగ్గం కొడుక్కిచ్చి వచ్చాడు" అని ఉంది. కొన్నిచోట్ల "ఎవరూ లేరు" అని మాత్రమే ఉంది. అలాంటి ఊరి గురించి ఇంకేమీ రాసేవారు కాదు.

తాడు అందుకున్న మనిషిని ఆయన అడిగే ప్రశ్న ఎక్కడైనా ఒకటే, రేపు గాలి ఎలా ఉంటుందని. భాష రాకపోయినా వేలు పైకెత్తి, రేపు అన్నట్టు చెయ్యి తిప్పి అడిగేవారు. జవాబు చెప్పేముందు ప్రతి మనిషీ ఏదో ఒక వైపు చూస్తాడు. ఒక్కో ఊరిలో చూడవలసిన దిక్కు ఒక్కోటి. ఒకచోట గుట్ట కొసన నిలిచే మబ్బు, మరొకచోట ఖాతం మూతి దగ్గర నీటి రంగు. రేడియోలో వాతావరణం చెప్పేవారు, 518 కిలోహెర్ట్జ్ మీద నావ్‌టెక్స్ అనే యంత్రం కాగితం ముక్క మీద అచ్చు వేసి ఇచ్చేది. రెండూ కెప్టెన్ శ్రద్ధగా చదివేవారు. కానీ ఆ మనిషి ఎటు చూశాడో కూడా చార్టు మీద చిన్న బాణంతో గుర్తు పెట్టేవారు. ఇప్పుడు ఆ బాణాలను వేలితో తడుముతుంటే ఎదురుగా మనుషుల మెడలు తిరుగుతున్నట్టే ఉంది.

* * *

రాత్రి పూట దీవిని ముందు పట్టుకునేది ముక్కు. వేసవి రాత్రుల్లో నేల చల్లబడి గాలి భూమిమీదనుంచి సముద్రం మీదకు మళ్లుతుంది. ఎండిన కొండ పొదలు, మేకలు, ఎక్కడో కాలుతున్న కట్టె, ఇవన్నీ కలిసిన వెచ్చటి వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలేది. అప్పటికి కంటికి ఏమీ ఆనదు. తరువాత లైట్‌హౌస్. ఒక్కో దీపానికి ఒక్కో నడక ఉంటుంది. ఇన్ని మెరుపులు, ఇన్ని సెకన్ల చీకటి, మళ్లీ మెరుపులు. ఒకరం గడియారం పట్టుకుని, ఒకరం పైకి లెక్కపెడుతూ, ఆ లెక్కను పుస్తకంలో ఉన్నదానితో పోల్చి చూసి, "అదే" అనుకునేవరకు మాటలుండేవి కావు. ఆ "అదే" అన్న మాటలో ఉన్న నిశ్చింత ఇప్పుడు తెర మీద కదిలే చిన్న బాణం గుర్తు ఇవ్వలేదు. అది మనం ఎక్కడున్నామో చెబుతుంది, నిజమే. కానీ మేము వెతికి కనుక్కునేవాళ్లం.

ఇటలీలోని స్ట్రోంబోలి దీవికి దీపం అవసరం లేదు. 924 మీటర్ల అగ్నిపర్వతం, కొద్ది కొద్దిసేపటికి ఒకసారి నిప్పు చిమ్ముతూనే ఉంటుంది. మధ్యధరా లైట్‌హౌస్ అని నావికులు ఎప్పుడో పేరు పెట్టారు. మెస్సినా జలసంధి దాటి ఉత్తరంగా వచ్చిన రాత్రి, మొదట మబ్బుల అడుగున ఎర్రటి మచ్చ ఉబ్బి ఆరిపోయింది. దగ్గరికి వెళ్లేకొద్దీ మచ్చ కాస్తా ఊటలా మారింది. వాయవ్య దిక్కున కొండవాలు మీద నిప్పు రాళ్లు దొర్లుతూ సముద్రం దాకా దిగుతుంటాయి. కెప్టెన్ నన్ను లెక్కపెట్టమన్నారు. ఎరుపు కనిపించిన పన్నెండో సెకనుకు, తలుపు గట్టిగా వేసినట్టు చప్పుడు వచ్చింది. "నాలుగు కిలోమీటర్లు. ఇక దగ్గరికి వద్దు" అని చుక్కాని తిప్పారు. తెల్లవారేదాకా ఆ కొండ చుట్టూ దూరంగా తిరిగాం. ఒక్క మాటా మాట్లాడుకోలేదు. పొద్దున చూస్తే తెరచాపల మడతల్లో సన్నటి నల్ల బూడిద.

* * *

అందరూ ప్రయాణం గురించి అడుగుతారు. నాకు ఎక్కువ గుర్తున్నవి కదలకుండా ఉన్న రోజులు. వేసవిలో ఈజియన్ సముద్రం మీద ఉత్తరాదినుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. మబ్బు ఉండదు, వాన ఉండదు. నీలి ఆకాశం కిందే సముద్రం తెల్లగా ఉడికిపోతుంది. మొదలైతే రోజుల తరబడి ఆగదు. సీమీ దీవిలో మమ్మల్ని తొమ్మిది రోజులు కట్టిపడేసింది. రేవులో ప్రతి పడవ కొయ్యకూ తీగలు కొట్టుకుని పగలూ రాత్రీ ఒకటే మోత. మూడో రాత్రి నుంచి అది లేకపోతేనే నిద్ర పట్టదనిపించింది.

రేవు చుట్టూ కొండమీదికి మెట్లు మెట్లుగా ఇళ్లు, పసుపు, గులాబీ, లేత నీలం గోడలు. సగం ఇళ్లకు కప్పులు లేవు. కిటికీ కన్నాల్లోంచి ఆకాశం కనిపించేది. ఒకప్పుడు ఇరవై వేలకు పైగా జనం, స్పంజి వ్యాపారంతో వెలిగిన ఊరు. మా తాడు అందుకున్నది కుర్చీలో కూర్చున్న ముసలి డైవరు. లేవలేదు, కూర్చున్నచోటనుంచే ఒంటిచేత్తో గాలిలో పట్టి, కుర్చీ పక్కనున్న దిమ్మకు చుట్టేశాడు. వయసులో ఉండగా రాగి శిరస్త్రాణం, రబ్బరు దుస్తు వేసుకుని లోతుకు దిగేవాడట. పైనుంచి పంపుతో గాలి కొట్టేవారు. ఆ దుస్తులు వచ్చిన కొత్తలో, లోతునుంచి ఆగి ఆగి పైకి రావాలని ఎవరికీ తెలియదు. రక్తంలో గాలి బుడగలు కట్టి ఎంతోమంది చనిపోయారు, ఎంతోమంది కాళ్లు పడిపోయి బతికారు. తెలిశాక కూడా పేదరికం ఆగనిచ్చేది కాదు అన్నాడు. ఆయన కుడికాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు.

ఆ తొమ్మిది రోజుల్లో రోజూ సాయంత్రం ఆయన కుర్చీ పక్కన గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఇంట్లోంచి ఒక స్పంజి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తేనె రంగు, పిడికిట్లో నలిగి మళ్లీ మెల్లగా విచ్చుకుంది. సముద్రంలోంచి తీసినప్పుడు ఇలా ఉండదట. నల్లటి పొర, లోపల పాలలాంటి రసం, ముక్కు బద్దలయ్యే కంపు. పడవ మీద వేసి కాళ్లతో తొక్కి తొక్కి ఆ రసం పోగొట్టి, వలలో పెట్టి నీళ్లలో వేలాడదీసి, కొట్టి కడగాలి. చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చునే మంచి కాలితో నేలను తొక్కి చూపించాడు. 1900లో తుఫానుకు ఆగిన సీమీ స్పంజి డైవర్లే ఆంటికితెరా దీవి దగ్గర రెండు వేల ఏళ్ల నాటి మునిగిన ఓడను కనుక్కున్నారు. ఆకాశంలో గ్రహాల నడకను లెక్కగట్టే కంచు యంత్రం అందులోనే దొరికింది, ఇప్పుడు ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. ఊరంతా గర్వంగా చెప్పుకునే కథ. ఆయన దాన్ని ఒక్క వాక్యంలో ముగించి, మళ్లీ స్పంజి తొక్కడం దగ్గరికే వచ్చాడు. 1986 తరువాత స్పంజికి తెగులు తగిలి, ఉన్న కొద్దిపాటి పని కూడా పోయింది. పదో రోజు పొద్దున గాలి తగ్గింది. తాడు విప్పినదీ ఆయనే.

* * *

ఉత్తరాల కోసం ఊళ్లు ముందే అనుకునేవాళ్లం. ఊరి పేరు, కింద "పోస్ట్ రెస్టాంట్" అని రాస్తే ఆ ఊరి తపాలా కార్యాలయంలో ఉంచుతారు. కౌంటరులో ఉన్నామె అక్షరాల అరల్లో వెతుకుతుంది. నా ఇంటిపేరు అరలో లేకపోతే, అసలు పేరు అరలో చూడమని బతిమాలాలి. మా అమ్మ రాసిన ఒక ఉత్తరం రెండు ఊళ్లలో నన్ను అందుకోలేక, మూడు దేశాల ముద్రలతో జిబ్రాల్టర్‌లో దొరికింది. అందులో ఉన్న విశేషాలన్నీ నాలుగు నెలల కిందటివి. గట్టు మీద నిలబడి చదివాను. అప్పుడే జరిగినట్టే చదివాను.

జిబ్రాల్టర్ నుంచి బయటపడటానికి రెండుసార్లు ప్రయత్నించాం. మధ్యధరాలో నదులు తెచ్చే నీటికంటే ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి అట్లాంటిక్ నీరు పైపైన ఎప్పుడూ లోపలికే ప్రవహిస్తుంది. పడమర గాలి కూడా ఎదురైతే పడవ నడుస్తున్నట్టే ఉంటుంది కానీ ఒడ్డున ఉన్న కొండ కదలదు. లెవాంటర్ అనే తూర్పుగాలి లేచి, కొండ నెత్తిన మబ్బు గొడుగు పట్టిన రోజున దాటాం.

* * *

కేప్ వెర్డె దీవుల్లో మిందేలో. సహారా ఎడారి ధూళి గాలిలో తేలివచ్చి తాళ్లనూ తీగలనూ ఇటుక రంగుకు మార్చేసింది. చేత్తో పట్టుకుంటే అరచేయి ఎర్రన. 19వ శతాబ్దంలో ఆవిరి ఓడలకు బొగ్గు వేసిన రేవు అది. గాయని సెజారియా ఎవోరా పుట్టిన ఊరు. చీకటి పడితే ఏదో ఒక గుమ్మంలోంచి మోర్నా పాట మెల్లగా, బరువుగా నీటి మీదికి జారేది. మా తాడు అందుకున్న ఇద్దరు కుర్రవాళ్లు ఎక్కడికి వెళుతున్నారని అడిగితే, కెప్టెన్ పడమర వైపు చూపించారు. వాళ్లు నవ్వలేదు. ఆ దీవుల్లో ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు అటు వెళ్లినవారే ఉంటారు.

అక్కడినుంచి బార్బడోస్ రెండు వేల నాటికల్ మైళ్ల పైమాట. జీపీఎస్ పెట్టె మా దగ్గర ఉండేది. కెప్టెన్ దాన్ని బట్టలో చుట్టి సొరుగులో పెట్టి, "అది మనకు దారి తప్పినప్పుడు" అన్నారు. పదిహేడు రోజులూ సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంటుతోనే. పొద్దున షార్ట్‌వేవ్ రేడియోలో గంట కొట్టే చప్పుడుకు చేతిగడియారం సరిచూసుకోవాలి. నాలుగు సెకన్ల తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పిపోతాం. మధ్యాహ్నం సూర్యుడు ఎక్కడం ఆపి, ఒక్క క్షణం నిలబడి, దిగడం మొదలుపెడతాడు. అద్దంలో ఆ నారింజ బిళ్లను దించి దిక్చక్రం గీత మీద ఆనించి, పడవ ఊగుతుంటే తాను ఊగకుండా కెప్టెన్ నడుము తెరచాప కొయ్యకు ఆనించి నిలబడేవారు. "ఇప్పుడు" అనేవారు. నేను గంట రాసేవాణ్ణి. ఆ ఒక్క మాట కోసం రోజంతా ఎదురుచూసేవాళ్లం. చార్టు మీద మరో చిన్న చుక్క పడేది. ఆ చుక్కలన్నీ ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి, పదిహేడు. పదకొండోది కొంచెం దక్షిణానికి పడింది. ఆ రోజు మబ్బు పట్టి, సూర్యుణ్ణి పూర్తిగా చూడలేకపోయాం.

బార్బడోస్‌కు భూమి వాసన అందలేదు. గాలి మా వెనకనుంచి దీవి మీదికి వీస్తోంది. దీవి వాసనంతా అవతలి వైపే పోతోంది. ముందు ఆకాశంలో దీపాల కాంతి, తెల్లవారాక బల్లపరుపు ఆకుపచ్చ గీత. దక్షిణపు కొన చుట్టివచ్చి కార్లైల్ ఖాతంలోకి తిరిగిన క్షణంలో మొత్తం ఒకేసారి వచ్చిపడింది. తడి మట్టి, చెరకు, వేపుడు నూనె, ఎండిన నాచు, మనుషులు. పదిహేడు రోజులు ఉప్పు, చెమట తప్ప ఏదీ ఎరగని ముక్కు. కెప్టెన్ చుక్కాని నాకు ఇచ్చి ముందుకు వెళ్లి నిలబడ్డారు. ఆయన భుజాలు కదలడం చూశాను. కాసేపు అటు వెళ్లలేదు.

* * *

గ్రెనడా దేశానికి చెందిన కరియాకూ దీవిలో, విండ్‌వర్డ్ అనే పల్లె ఒడ్డున ఇసుకలోనే పెద్ద తెరచాప పడవలు కడతారు. కాగితం మీద నమూనా ఉండదు. వంపు తిరిగిన కొయ్య కోసం అడవిలో చెట్టు చెట్టూ చూసి, పడవకు ఏ పక్కటెముక కావాలో ఆ వంపున్న కొమ్మనే కొట్టి తెస్తారు. స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడినవారితో మొదలైన విద్య అది. మేము వెళ్లినప్పుడు ఒక పడవ సగం అయింది. వరుసగా నిలిచిన పక్కటెముకల మధ్య పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. వాళ్లలో పదేళ్ల పిల్లవాడొకడు పరుగున వచ్చి మా చిన్న పడవ తాడు అందుకున్నాడు. "మా నాన్న కడుతున్నది నీళ్లలోకి దిగేరోజు ఉండండి, ఊరంతా లాగుతుంది" అన్నాడు. ఉండలేకపోయాం. తుఫానుల కాలం వచ్చేలోగా ఉత్తరానికి వెళ్లిపోవాలి.

ఆ విద్యను యునెస్కో 2023లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2024 జులై 1న బెరిల్ తుఫాను సరిగ్గా ఆ దీవిమీదుగానే పోయింది. ఇళ్ల కప్పులు లేచిపోయిన ఫొటోలు చూస్తూ కెప్టెన్‌కు ఉత్తరం రాశాను. అప్పటికి ఆయన చేతిరాత వణుకుతోంది. జవాబులో ఒకే ప్రశ్న, "విండ్‌వర్డ్‌లో తాడు అందుకున్న పిల్లవాడు క్షేమమేనా, ఎలా తెలుసుకోవడం?"

* * *

తిరుగు ప్రయాణంలో అసోర్స్ దీవులు. ముందు పీకో కనిపించింది. 2351 మీటర్లు, పోర్చుగల్ దేశంలో అంతకు మించిన ఎత్తు లేదు. దీవి లేదు, ఒడ్డు లేదు, మబ్బుల పైన ఒక ముదురు త్రికోణం మాత్రమే తేలుతోంది. దాని ఎదురుగా ఫయాల్ దీవిలో హోర్టా రేవు. అట్లాంటిక్ దాటే చిన్న పడవలన్నీ అక్కడ ఆగుతాయి. గట్టు మీద బొమ్మ వేయకుండా బయలుదేరితే కీడు అని నమ్మకం. అందుకని ఆ పొడవాటి గట్టంతా, నేలా గోడా, పడవల పేర్లతో, బొమ్మలతో నిండిపోయి ఉంటుంది. 1918లో మొదలైన పీటర్ కాఫీ హోటలులో నావికుల ఉత్తరాలు దాచిపెట్టేవారు. నాకూ ఒకటి ఉంది. ఒక మధ్యాహ్నం పడమటి కొనకు నడిచి వెళ్లాం. 1957లో సముద్రంలోంచి లేచిన కాపెలిన్యోస్ అగ్నిపర్వతం ఏడాదికి పైగా బూడిద కక్కింది. కింది అంతస్తు పూడిపోయిన లైట్‌హౌస్ ఇంకా నిలబడి ఉంది. ఒకప్పుడు దాని పాదాల దగ్గర అలలు కొట్టుకునేవట. ఇప్పుడు ముందు కొత్త నేల. దీపం లేని ఆ స్తంభం ముందు కెప్టెన్ టోపీ తీశారు.

మా బొమ్మకు ఖాళీ దొరకలేదు. బాగా వెలిసిపోయి, అక్షరాలు చదవడానికి రాని ఒక పాత బొమ్మ మీద వేశాం. నీలం రంగు మీద తెల్లటి తాడు, రెండు చివర్లా రెండు చేతులు. ఎన్నో ఏళ్ల తరువాత విమానంలో అక్కడికి వెళ్లాను. ఆ చోట ఎవరిదో ఎర్రటి తిమింగలం ఉంది. దాని అంచున, అర అంగుళం మేర మా నీలం. మోకాళ్ల మీద కూర్చుని గోటితో తాకి చూశాను. కెప్టెన్‌కు ఫోను చేసి చెబితే, "మనం వేసినది ఎవరి మీదో తెలుసుకోలేకపోయాం కదా" అన్నారు. ఆ మాట అప్పటినుంచీ ఆయన మనసులో ఉన్నట్టుంది.

* * *

అమెరికాలో సముద్రపు పటాలు వేసే నోవా సంస్థ 2025 జనవరితో పాతరకం కాగితపు చార్టులన్నిటినీ ఆపేసింది. ఇక చాలావరకు తెర మీదే. తెర తప్పు అనను, దానివల్ల ఎన్ని పడవలు రాళ్లను తప్పించుకున్నాయో. కానీ ఒకే చార్టు మీద మూడు ప్రయాణాల గీతలు, రబ్బరుతో చెరిపినా పోని గీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లడం తెర మీద ఉండదు. నా బల్ల మీద ఉన్నాయి.

లాగ్ పుస్తకాల్లో మొదటిదాన్ని చివరికి తెరిచాను. అది నేను పడవ ఎక్కకముందుది. ఎర్మూపోలి పుట దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. గాలి, బారోమీటరు, మైళ్లు. చివరి గడిలో రెండు వరుసలు. రెండోది, "కుడి తాడు: ఓడ ఇంజను గది కుర్రవాడు, చొక్కా నిండా గ్రీజు. ముడి మంచిది." అది నేను. దాని పైన, "ఎడమ తాడు: నల్లబట్టల ముసలావిడ. రొట్టెల సంచి కింద పెట్టి అందుకుంది. గుట్ట మీద మబ్బు చూపించి, రేపు బయలుదేరవద్దని చెప్పింది." కింద మరుసటి రోజు వరుసలో, "ఆవిడ చెప్పినట్టే గాలి. బయలుదేరలేదు. పంపు బాగైంది."

ఆవిడ నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం గురించి ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పానో, చెప్పిన ప్రతిసారీ గట్టు మీద నేను ఒక్కణ్ణే. పుస్తకం మూయకుండా పక్కన పెట్టి, నాకు ఎడమవైపు ఏముందో చూడాలని చాలాసేపు కూర్చున్నాను. ఇనుప దిమ్మ కనిపిస్తోంది. నీళ్లు కారుతున్న తాడు బిగుసుకుంటోంది. దాని పక్కన, పాలరాతి పలక మీద, రొట్టెల సంచి.